తొంభై రెండు శాతం హాజరు

ఈ వ్యవహారంలో మొదటి తప్పు నాదే: ఒక పట్టికను పైవాళ్ళకు పంపాను. ఆ పట్టికకు రంగులు వేయడం రెండో తప్పు. అది నాది కాదు. మూడో తప్పు నుంచి లెక్కపెట్టడం సాధ్యం కాదు. అప్పటికే ప్రతి తప్పుకూ ఒక ఉత్తర్వు సంఖ్య వచ్చేసింది, ఉత్తర్వు సంఖ్య ఉన్నదాన్ని మా ఆసుపత్రిలో తప్పు అనరు, విధానం అంటారు.

మాది సముద్రానికి దగ్గరగా, జీడిపప్పు కార్ఖానాల పొగ తగిలేచోట ఉన్న ప్రభుత్వ బోధనాసుపత్రి. రోగి ఒంట్లోంచి కోసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, ఇది ఫలానా అని చెప్పే విభాగం నాది. పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్ళయ్యాక, ఆ కుర్చీలోకి రావడానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో, నన్నే కాంట్రాక్టు మీద మళ్ళీ కూర్చోబెట్టారు. నాకు సహాయం టెక్నీషియన్ సన్యాసినాయుడు. ముప్పై ఏళ్ళుగా మైనపు దిమ్మల్లో ఇరికించిన మాంసపు ముక్కలను ఉల్లిపొరకన్నా పల్చగా కోస్తున్నవాడు. ఆ దిమ్మల్లో ఏది ఏ రోగిదో కంప్యూటరుకన్నా అతనికే బాగా తెలుసు.

చర్మంలో చెమట పుట్టించే గ్రంథులూ నూనె పుట్టించే గ్రంథులూ ఉంటాయి. వాటిలో అరుదుగా కణితులు లేస్తాయి. చాలావరకు సాధువులు, ఏళ్ళ తరబడి ఒకచోట ఉండి ఎవరికీ ఏ అపకారమూ చెయ్యవు. కొన్ని మాత్రం క్యాన్సర్లు. రెండింటి మధ్య తేడా మరింత స్పష్టంగా తెలుస్తుందేమోనని, ఇరవై ఏళ్ళుగా దాచిన అరవై నాలుగు దిమ్మలను బయటికి తీసి, కణితులను అణచివేసే ఒక ప్రొటీను వాటిలో ఎంత ఉందో చూశాం. ఆ ప్రొటీను ఉన్న కణానికి గోధుమరంగు పట్టేలా ఒక మందు ఉంది. సాధు కణితుల్లో నూటికి రెండు మూడు కణాలకే రంగు పట్టింది. క్యాన్సర్లలో అన్నింటికీ కాకపోయినా ఎక్కువభాగానికి నూటికి డెబ్భై, ఎనభై కణాలకు పట్టింది.

తెలియనివాళ్ళకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కారణం సులభమైనదే. ఆరోగ్యంగా ఉన్న ప్రొటీను పిలిచినప్పుడు వస్తుంది, కణం అదుపు తప్పకుండా తన పని తాను చేసి, నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకే రంగుకు దొరకదు. దాన్ని తయారుచేసే జన్యువు చెడిపోయినప్పుడు పుట్టే అవిటి ప్రొటీను పనీ చెయ్యదు, పోనూ పోదు. కణకేంద్రంలో పోగుపడి ఉంటుంది. రంగు పట్టుకునేది దాన్ని.

నేనిది వివరించినప్పుడు సన్యాసినాయుడు క్షణం కూడా ఆలోచించలేదు.

"అంటే మన రికార్డు సెక్షను లాగన్నమాట మేడమ్. పనిసేసినోడు వార్డుల్లో తిరుగుతుంటాడు, కనబడడు. పనిసెయ్యనోడు ఎప్పుడెల్లినా సీట్లోనే ఉంటాడు."

శాస్త్రాన్ని అంతకన్నా క్లుప్తంగా చెప్పడం నావల్ల కాలేదు. ఆ వాక్యాన్ని నా నివేదికలో చేర్చకపోవడమే ఈ కథకంతటికీ మూలకారణమేమోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆ వారంలోనే ఆసుపత్రి నాణ్యతా విభాగం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి విభాగమూ శాతంలో కొలవదగిన ఒక సూచికను వెబ్‌సైటులో సమర్పించవలెను. సమర్పించని విభాగములు ఎర్రరంగులో చూపబడును. నా దగ్గర శాతాలున్న కాగితం అదొక్కటే. పట్టికకు రెండు పేజీల వివరణ జతచేసి పంపాను. వెబ్‌సైటు ఒక్క పేజీ మాత్రమే తీసుకుంటుందన్న సంగతి నాకు తెలియదు. పట్టిక వెళ్ళింది. వివరణ వెళ్ళలేదు.

నాణ్యతా విభాగానికి నోడల్ అధికారి కోటంరాజు చిదంబరరావుగారు. వయసు నలభై ఎనిమిది, మర్యాదస్తుడు, ఎవరినీ నువ్వు అనని మనిషి. అంతకుముందు జిల్లాలోని కార్యాలయాలన్నిటికీ వేలిముద్రల హాజరు యంత్రాలు బిగించి, మెప్పు పొంది, ఆ మెప్పు మీదే మా ఆసుపత్రికి వచ్చారు. ఈ ఒక్క వాస్తవాన్ని గుర్తుపెట్టుకుంటే తరవాత జరిగినదేదీ వింతగా తోచదు.

సోమవారం సమీక్షలో ఆయన నా పట్టికను తెరమీద వేయించారు. అప్పటికే దానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వచ్చి ఉన్నాయి.

"ఈ విభాగం వారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను," అన్నారు. "కణితిని అణచివేయుట అనే విధి నిమిత్తం నియమితమైన ప్రొటీను, తన విధినిర్వహణ స్థలంలో ఎంత శాతం హాజరవుతున్నదో ఇంత స్పష్టంగా ఇప్పటివరకు ఏ ఆసుపత్రీ కొలవలేదు. డెబ్భై అయిదు దాటితే ఆకుపచ్చ. ముప్పైకి తక్కువైతే ఎరుపు. మధ్యది పసుపు. ఎరుపు వచ్చిన రోగికి తక్షణం ఆపరేషన్. ఆకుపచ్చ వచ్చిన రోగికి ఆరు నెలల పరిశీలన. ఇందులో అపార్థానికి అవకాశమే లేదు."

నేను లేచి, ఆకుపచ్చ వేసినవన్నీ క్యాన్సర్లని చెప్పాను. కారణం కూడా చెప్పాను, నెమ్మదిగా, బల్లమీద బొమ్మ గీసి. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు.

"తమరి అభిప్రాయం నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో చెప్పండి మేడమ్. హాజరైనవారు పని చేయరనీ, హాజరు కానివారే పని చేస్తున్నారనీనా?"

"ఈ ప్రొటీను విషయంలో అంతేనండి."

గదిలో దగ్గులు వినిపించాయి. రికార్డు సెక్షను సూపరింటెండెంటు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆసుపత్రి సూపరింటెండెంటుగారు టీ కప్పులో ఏదో వెతుకుతున్నట్టు వంగారు.

"ఈ వ్యాఖ్యను మినిట్స్‌లో రాయవద్దు," అని చిదంబరరావుగారు గుమాస్తాకు మృదువుగా చెప్పారు. "కింది స్థాయి సిబ్బందికి తప్పుడు సంకేతం వెళుతుంది."

అలా అది విధానమైంది. కంప్యూటరులో నా నివేదికకు రెండు గడులు మిగిలాయి. ఒకటి శాతం, దాన్ని యంత్రం చదివి రంగు వేస్తుంది. రెండోది వివరణ, దాన్ని యంత్రం చదవదు. ఆపరేషన్ థియేటరు జాబితా రంగును బట్టి తనంతట తానే తయారవుతుంది. పెద్ద ఊరి ఆసుపత్రికి పంపే చీటీ కూడా రంగును బట్టే వస్తుంది.

మొదటి ఎరుపు ఒక హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడికి వచ్చింది. ఆయన నడినెత్తిన పదకొండేళ్ళుగా ఉసిరికాయంత సాధు కణితి ఉంది. టోపీ సరిగా కూర్చోవడం లేదని చూపించుకోవడానికి వచ్చాడు. శాతం: రెండు. మర్నాడు అసెంబ్లీలో పిల్లల చేత కవాతు చేయిస్తుండగా అంబులెన్సు వచ్చి ఎక్కించుకుపోయింది. ప్రొటీను తక్కువ అని తెరమీద చూసిన ఆహార విభాగం వాళ్ళు, తమ శాస్త్రం ప్రకారం తాము ఆలోచించి, పూటకు మూడు కోడిగుడ్లు మంజూరు చేశారు. ఆపరేషన్ వంతు కోసం ఎదురుచూసిన ఇరవై రోజుల్లో ఆయన నాలుగు కిలోలు పెరిగాడు. కణితి పెరగలేదు, తగ్గలేదు. దాని శాతమూ మారలేదు. దాంతో గుడ్లు నాలుగయ్యాయి.

నెల తిరిగేసరికి వార్డులో పద్నాలుగు మంది ఆరోగ్యవంతులు గుడ్లు తింటూ పడుకున్నారు. వాళ్ళలో ఒకరికి కంటికింద ఆవగింజంత చెమటకాయలు. ఇంకొకరికి చెవివెనక బఠాణీ. థియేటరు వాళ్ళతో నిండిపోయింది.

అప్పుడు సన్యాసినాయుడికి మెమో వచ్చింది. అతను దాన్ని నా బల్లముందు నిలబడి పైకి చదివాడు.

"'పై విషయమునకు సంబంధించి తమరికి తెలియజేయునది ఏమనగా, తమరి విభాగమునందలి నిరపాయకర కణితులలో ప్రొటీను హాజరు సగటున మూడు శాతము మాత్రమే యుండుట మిక్కిలి శోచనీయము. అదే కప్పుకింద, అదే సిబ్బందితో, ప్రాణాంతక కణితులు డెబ్భై ఎనిమిది శాతము సాధించుచుండగా, నిరపాయకర కణితులు ఏల సాధించలేకపోవుచున్నవో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. ప్రాణాంతక కణితుల ఉత్తమ పద్ధతులను నిరపాయకర కణితులకు అన్వయించుటకు కార్యాచరణ ప్రణాళిక జతపరచవలెను.'"

చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మేడమ్, మంచి కణితుల్ని క్యాన్సర్లు సెయ్యమంటన్నారు. మూడ్రోజుల్లో అవుద్దంటారా?"

"పొగాకు, ఎండ, ఇరవై ఏళ్ళు కావాలి నాయుడూ. గడువు పెంచమని రాయి."

రాశాడు. పదిహేను రోజులు పెంచారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. గుడ్లు తిని ఎవరూ చనిపోరు. నిజమైన కష్టం ఆ తరవాతి బుధవారం వచ్చింది, కుడికంటి పైరెప్ప మీద చింతగింజంత గడ్డతో.

ఆవిడ పేరు బత్తిన పారమ్మ. నలభై ఆరేళ్ళు. పద్నాలుగేళ్ళ వయసు నుంచీ జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసి, పప్పు ఏరే పని. విడిపోని గుండు ఒక గంపలో, రెండుగా చీలిన బద్ద ఒక గంపలో, ముక్క ఒక గంపలో. ఆ పనికి చేతులకన్నా కళ్ళు ముఖ్యం. రెప్ప బరువై కన్ను సగం మూసుకుపోవడంతో బద్దను గుండులో వేస్తోందని మేస్త్రీ రెండుసార్లు తిట్టాడట.

"కంటికురుపు అన్నారమ్మా," అని చెప్పింది. "మందేసినారు, కాపడం ఎట్టమన్నారు. తగ్గినట్టే తగ్గి మల్లీ లేస్తన్నాది. అయిదు నెల్లయింది. ఈ డాట్రమ్మ ముక్క తీసి నీకాడికి పంపినారు. ఏటున్నాదమ్మా దాన్లో?"

ముక్క తీసింది కంటి విభాగంలోని డాక్టర్ హైమవతి. ఆవిడ అనుమానం సరైనదే. రెప్పలోని నూనెగ్రంథి నుంచి పుట్టిన క్యాన్సరు. కంటికురుపు వేషంలో తిరగడం దాని అలవాటు. నెలన్నరలోపల కోసేస్తే రెప్పలో కొంతభాగం పోతుంది, దాన్ని కింది రెప్పతో సరిచెయ్యవచ్చు, కన్ను మిగులుతుంది. ఆరు నెలలు ఆగితే కన్ను పోతుంది. దానితో ఆగుతుందన్న హామీ కూడా లేదు. వివరణ గడిలో ఇదంతా రాశాను. 'అత్యవసరం' అని రెండుసార్లు రాశాను. శాతం గడిలో ఉన్నదే వేశాను: తొంభై రెండు.

తెర ఆకుపచ్చగా వెలిగింది. పరిశీలన: ఆరు నెలలు. దానికింద చిన్న నక్షత్రం కూడా వచ్చింది. తొంభై దాటినవాళ్ళకు అది అదనం.

హైమవతి సాయంత్రం నా గదికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"మేడమ్, థియేటరు మేనేజరు కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రంగు మారితే తప్ప పేరు ఎక్కదంటాడు. పై ఊరికి పంపుదామంటే చీటీ రాదు. రేపు నా టేబుల్ మీద ఎవరున్నారో తెలుసా? చెవివెనక బఠాణీ!"

"బఠాణీని వాయిదా వెయ్యలేవా?"

"ఎర్ర రోగిని వాయిదా వేస్తే నాకు మెమో. అయినా ఫర్వాలేదు, వేస్తాను. కానీ ఆ ఖాళీలోకి ఆకుపచ్చ రోగిని కంప్యూటర్ ఎక్కించనివ్వదు. పేరు ఎక్కకపోతే మత్తు డాక్టరు ముట్టుకోరు."

నేను చిదంబరరావుగారికి ఉత్తరం రాశాను. మూడు వాక్యాలే. నాలుగోది ఉంటే చదవరని అప్పటికి గ్రహించాను. ఐదు రోజులకు జవాబు వచ్చింది. 'సదరు రోగి యందు ప్రొటీను హాజరు అత్యుత్తమముగా నున్నందున, ఈ దశలో శస్త్రచికిత్స జరిపినచో సదరు హాజరునకు భంగము వాటిల్లును. అట్టి నష్టమునకు ఎవరు బాధ్యత వహించెదరో తమరు తెలుపవలెను. అంతేగాక, సదరు రోగి మన ఆసుపత్రి చరిత్రలోనే అత్యధిక శాతము సాధించియున్నందున, వచ్చే శుక్రవారము సన్మానించుటకు నిర్ణయమైనది.'

నేను ఉత్తరాన్ని రెండోసారి చదివాను. సన్మానం అనే మాట అక్కడే ఉంది.

శుక్రవారం ఆసుపత్రి సెమినార్ హాలులో షామియానా గుడ్డ కట్టి, మైకు పెట్టారు. తొంభై దాటినది పారమ్మ ఒక్కతే. డెబ్భై అయిదు దాటినవాళ్ళు ముగ్గురు, వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన లేచి నిలబడలేకపోతున్నాడు. ఎదురుగా వార్డు నుంచి నడిపించి తెచ్చిన పద్నాలుగు మంది ఎర్రవాళ్ళు, గుడ్లతో నిగనిగలాడుతూ. వాళ్ళు వీళ్ళను చూసి స్ఫూర్తి పొందాలని ఏర్పాటు.

"ఒక సామాన్య శ్రామిక మహిళ," అన్నారు చిదంబరరావుగారు, "ఏ పోషకాహారమూ లేకుండా, ఏ శిక్షణా లేకుండా, తన కంటిరెప్ప యందు తొంభై రెండు శాతం హాజరును సాధించి చూపింది. మనమందరమూ ఆత్మపరిశీలన చేసుకోవలసిన సమయమిది."

సూపరింటెండెంటుగారు శాలువా కప్పారు. పారమ్మ రెప్ప అప్పటికి మరికొంచెం కిందికి దిగింది. ఫొటో కోసం కళ్ళు తెరవమన్నాడు ఫొటోగ్రాఫరు. ఒక కన్నే తెరుచుకుంది.

మైకు ఆమె ముందు పెట్టారు.

"నానేటి సేసినానని సాలువా కప్పినారో నాకు తెల్దు బాబూ," అంది. "సల్లగుండండి. కోత ఎప్పుడు?"

హాలు చప్పట్లు కొట్టింది. చిదంబరరావుగారు వినమ్రంగా వంగి చెప్పారు: "మీకు కోత అవసరం లేదమ్మా. మీది ఆకుపచ్చ."

"ఆకుపచ్చ అంటే మంచిదేనా?"

"చాలా మంచిది."

"మరి నొప్పెందుకు ఎక్కువౌతున్నాది?"

ఆ ప్రశ్నకు మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందని అన్నారు. పంకాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

బయట మెట్ల మీద పారమ్మ నా పక్కన కూర్చుంది. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు సెప్పమ్మా. నువ్వు అద్దంలో సూసినావు. ఆ బాబు మంచిదంటన్నాడు. నిజిమేనా?"

"కాదు. చెడ్డది. కోసెయ్యాలి."

"నాను బద్దని గుండులో ఏస్తే మేస్త్రీ రోజుకూలీ కోసీసీవోడు," అంది. "ఈలకి మేస్త్రీ లేడేటి?"

నేను నెలన్నరలో అప్పటికి ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టుకున్నాను. ఇరవై మూడు.

సన్యాసినాయుడు ఆ మధ్యాహ్నమే ఒక మార్గం చెప్పాడు. తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పాడు.

"మేడమ్, రెండు అని కొట్టెయ్యండి. తొంభై రెండులో తొమ్మిది తీసేస్తే రెండే. వేలు జారిందంటాం. ఎవడు సూడొచ్చాడు?"

"అబద్ధపు అంకె నేను వెయ్యను నాయుడూ."

"ఆయమ్మ కన్ను పోద్ది మేడమ్."

"తెలుసు. అబద్ధం వేస్తే, రేపు దేన్ని నమ్మి కోస్తారు? నా అంకెనేగా. ఒక్కసారి మారిస్తే మిగిలిన అరవై నాలుగూ నేను మార్చినవే అంటారు."

అతను చిరాగ్గా లేచి వెళ్ళిపోయాడు. తలుపు శబ్దం వచ్చేలా వేశాడు. ముప్పై ఏళ్ళలో అది మొదటిసారి.

నేను పారమ్మ స్లైడును మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఊరికే పెట్టాను, చెయ్యవలసిన పని ఏదీ లేనప్పుడు చేతులకు అలవాటైన పని అది. కణితి అంతా గోధుమరంగు. పక్కకు జరుపుతూ పోతే, ముక్క చివర, కణితి ఇంకా చేరని చోట, సన్నటి పట్టీలాగా ఆరోగ్యమైన చర్మం. అక్కడ కణాలన్నీ లేతనీలంగా ఉన్నాయి. గోధుమరంగు ఒకటీ అరా. మందు సరిగా పనిచేసిందో లేదో పోల్చుకోవడానికి ఆ పట్టీని మేము ప్రతి స్లైడులోనూ చూస్తాం. చూస్తాం గాని ఎక్కడా రాయం.

అప్పుడు కంప్యూటరు తెరిచి, నాణ్యతా విభాగం వారి నమూనాపత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. దాన్ని అలా చదివిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. రోగి పేరు. వయసు. అవయవము. ప్రొటీను శాతము. అంతే. శాతము ఎక్కడ లెక్కపెట్టవలెనో అడిగే గడి లేదు. కణితిలోనే లెక్కపెట్టాలని ఏ ఉత్తర్వూ చెప్పలేదు. హాజరు తీసుకునేవాళ్ళకు కణితికీ చర్మానికీ తేడా ఉంటుందన్న ఊహే వచ్చినట్టు లేదు.

ఆరోగ్యమైన పట్టీలో వరసగా అయిదువందల కణాలు లెక్కపెట్టాను. రంగు పట్టినవి పది. మళ్ళీ లెక్కపెట్టాను. పదే.

'అవయవము: కుడికంటి పైరెప్ప. ప్రొటీను శాతము: రెండు.'

వివరణ గడిలో నిజం మొత్తం రాశాను: ఈ అంకె కణితి పక్కనున్న ఆరోగ్యమైన చర్మంలో లెక్కించినదనీ, కణితిలో తొంభై రెండనీ, కణితి క్యాన్సరనీ, వెంటనే కోయవలసి ఉందనీ. ఎవరైనా చదివితే ఆపవచ్చు. ఆ గడిని చదివే మనిషి మా ఆసుపత్రిలో ఉన్నాడని తేలితే, నేను ఓడిపోయినా సంతోషించేదాన్నే.

ఎవరూ చదవలేదు. తొంభై రెండు నుంచి రెండుకు పడిపోయిన రోగి ఆ యంత్రానికి కొత్త. తెర ఎర్రగా మారి, ఆరుతూ వెలుగుతూ, చివరికి దానికి తెలిసిన అతి పెద్ద మాట వేసింది: విపత్తు.

నాణ్యతా విభాగంలో ఫోన్లు మోగాయి. జీడిపప్పు కార్ఖానా గేటు ముందుకు సైరనుతో అంబులెన్సు వెళ్ళింది. పారమ్మ చీరకంటిన పప్పు పొట్టుతోనే వచ్చింది. వాయిదాలు పడుతూ వచ్చిన చెవివెనక బఠాణీని టేబుల్ మీంచి దించి ఈమెను ఎక్కించారు. హైమవతి మాస్కు కట్టుకుంటూ నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఏం చేశారో చెప్పకండి, నాకు నవ్వొస్తే చెయ్యి వణుకుతుంది," అని పెట్టేసింది.

రెండున్నర గంటలు పట్టింది. కణితిని చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసి, సీసాలో వేసి నాకు పంపింది. నేను అంచులు ఒక్కొక్కటే చూశాను. సన్యాసినాయుడు పక్కనే నిలబడి, అడక్కుండానే, ప్రతి అంచునూ మూడేసి చోట్ల కోసి ఇచ్చాడు.

నాలుగు వారాల తరవాత కట్టు విప్పారు. రెప్ప కొంచెం పొట్టిగా, వెంట్రుకలు లేకుండా ఉంది. కన్ను తెరుచుకుంది. నిబంధన ప్రకారం చికిత్స తరవాత శాతం మళ్ళీ పంపాలి. కొత్తగా అతికిన రెప్పలో ఒకటి వచ్చింది. పంపాను.

నాలుగో రోజున హైమవతికీ నాకూ కలిపి మెమో వచ్చింది. 'తొంభై రెండు శాతముతో జిల్లాకే ఆదర్శముగా నిలిచి, సన్మానము పొందియున్న రోగిని, తమరి చికిత్స ఒక శాతమునకు దిగజార్చినది. మిగిలిన తొంభై ఒక్క శాతము ఏమైనదో, ఎవరి స్వాధీనమునందున్నదో, ఏడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.'

హైమవతి ఏడ్చినంత పని చేసింది. నాకు మాత్రం, ఈ మొత్తం ఉత్తర ప్రత్యుత్తరాల్లో, నేను సంపూర్ణంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఇదొక్కటే అనిపించింది. పరీక్షకు కోయగా మిగిలిన ముక్కను నెలరోజులు దాచాలి; ఆ నెల ముందురోజే పూర్తయింది. జవాబు రాశాను.

'తమరు అడిగిన శాతము నా స్వాధీనమునందే క్షేమముగా నున్నది. దానిని ఫార్మలిన్ సీసాతో సహా ఇందువెంట పంపుచున్నాను. అందినట్లు రసీదు ఇప్పించగలరు.'

రసీదు అదే రోజు వచ్చింది. దాని వెనకే ఇంకొక కాగితం కూడా వచ్చింది. తొంభై రెండు శాతం హాజరు గల అంశం నాణ్యతా విభాగానికి చేరినందున, ఆ నెల సమీక్షలో నాణ్యతా విభాగానికే ఆకుపచ్చ వచ్చింది, నక్షత్రంతో. అయితే రికార్డుల్లో ఒక చిక్కు మిగిలింది: సదరు అంశం పూర్వ కార్యస్థానం నుంచి విడుదలైనట్టు అక్కడివారి సంతకంతో పత్రం లేదు. పూర్వ కార్యస్థానం, బత్తిన పారమ్మ కుడికంటి పైరెప్ప.

కనక పారమ్మనూ, సాక్షిగా నన్నూ పిలిపించారు. చిదంబరరావుగారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. బల్లమీద, ఫైళ్ళ పక్కన, ఆకుపచ్చ చీటీ అంటించిన సీసా ఉంది. పారమ్మ దానివంక చూసింది.

"అదేనా?"

"అదే," అన్నాను.

"ఇప్పుడది ఈ బాబుదా?"

"ఈ విభాగానిదమ్మా," అన్నారు చిదంబరరావుగారు, సవరిస్తూ. "మీ వద్ద నుంచి విడుదల అయినట్టు ఇక్కడ సంతకం చేస్తే చాలు."

ఆమె కలం తీసుకుని ఆగింది.

"సంతకం ఎట్టినాక, మల్లీ ట్రాన్స్‌ఫరు మీద నాకాడికి వచ్చీదుగదా?"

చిదంబరరావుగారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. ఒక ఫైలు తెరిచి, వేలితో వరసలు చూసి, తలెత్తారు. "ప్రస్తుతం రెండేళ్ళ వరకు బదిలీలపై నిషేధం ఉందమ్మా."

పారమ్మ ఆయన్ని కాకుండా నన్ను చూసింది.

"అంచులన్నీ మూడుసార్లు చూశాను," అన్నాను. "ఎక్కడా లేదు. మూణ్ణెల్లకోసారి వచ్చి చూపించుకుంటూ ఉండు."

అప్పుడామె కాగితాన్ని వెలుతురుకేసి తిప్పుకుని, రెండు కళ్ళతో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివి, సంతకం పెట్టింది.